నాలుగో రూటు బస్సులో ఏడంగుళాల తెర

జ్ఞానప్రకాశం అబద్ధం ఆడడు. అది గుణమని ఇస్నాపూర్ చర్చిలో అంటారు, రోగమని కంపెనీ ట్రాన్స్‌పోర్టు షెడ్డులో అంటారు. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు మర్యాదకు "ప్రసంగం కొంచెం పొడుగైందా?" అని అడుగుతారు. మిగతా సంఘ పెద్దలు "లేదయ్యగారూ" అంటారు. ఇతను గడియారం చూసి "యాభై రెండు నిమిషాలైంది అయ్యగారూ. పోయిన వారం నలభై నాలుగే" అంటాడు.

వయసు యాభై ఆరు. హత్నూర మండలంలో పుట్టాడు. తండ్రి చర్చి బడిలో పంతులు. కొడుకు చదువు మీద ఆశ వదులుకున్నాక ఆ పంతులే అతన్ని ఊళ్లో ట్రాక్టరు ఎక్కించాడు. ట్రాక్టరు నుంచి లారీకి, లారీ నుంచి బస్సుకు వచ్చి, ఇరవై రెండేళ్లుగా ఒక మాత్రల కంపెనీలో స్టాఫ్ బస్సు నడుపుతున్నాడు. ఇల్లు చిట్కుల్‌లో, ఫ్యాక్టరీ హత్నూర వైపు. అంటే పుట్టిన చోటికి రోజూ డ్యూటీ మీద పోయి, సాయంత్రం కిరాయింటికి తిరిగొస్తాడు. ఇందులో అతనికి వింతేమీ కనిపించదు. భార్య గ్లోరియాకు చిట్కుల్ నీళ్లు పడ్డాయి, చర్చి దగ్గర, అంతే.

కంపెనీలో అతని పేరు ఒక గీతతో స్థిరపడింది. ఎనిమిదేళ్ల కిందట బస్సు వెనక్కి తీస్తూ పెద్దసారు కారును గీకాడు. ఎవరూ చూడలేదు. ఆ కారు డ్రైవరే రెండు రోజుల దాకా చూడలేదు. ఇతను మాత్రం ఆ సాయంత్రమే బండి పుస్తకంలో "నేనే గీకిన. ఎడమ వెనక తలుపు, జానెడు పొడుగు" అని రాసి సంతకం చేశాడు. మెమో వచ్చింది. మెమో ముట్టినట్టు కూడా సంతకం చేశాడు.

అందుకే నిరుడు చేరిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసరు శ్రావణ్‌కుమార్‌కు ఒక పరికరాన్ని పరీక్ష చేయించాల్సిన అవసరం వచ్చినప్పుడు, పదిమంది డ్రైవర్లలో ఇతన్నే పిలిపించాడు. శ్రావణ్‌కుమార్ తెల్లాపూర్‌లో ఇరవై మూడో అంతస్తులో ఉంటాడు. అంత ఎత్తు మీంచి చూస్తే రోడ్లన్నీ తిన్నగానే కనిపిస్తాయని డ్రైవర్లు చాటున అనుకుంటారు.

పరికరం కార్ల కోసం చేసింది. ఏడంగుళాల తెర, అద్దానికి అంటుకునే రబ్బరు గిన్నె, ఛార్జింగు వైరు. దారి చూపుతుంది, తెలుగులో చెబుతుంది కూడా. దారి అక్కర్లేనప్పుడు సినిమాలు, పాటలు, రేడియో, మూడు ఆటలు. డ్యూటీలో డ్రైవర్లు ఫోను ముట్టరాదన్నది కంపెనీ నియమం. కొత్తగా చేరిన డ్రైవర్లకేమో రూట్లు తెలియవు. అందుకని ఈ ఆలోచన.

"పదిహేను రోజులు మీ బస్సులో పెట్టండి జ్ఞానప్రకాశం గారూ. ఈ ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాయండి. మీరు బాగుందంటే పది బస్సులకూ తీసుకుంటాం."

"బాగలేదంటే?"

"వాపస్."

"తెలుగుల రాయొచ్చా సార్?"

"రాయండి. ఇంకో సంగతి. బండి తిరిగిన దారంతా ఇందులో ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌లో వేసి చూస్తాను. అనవసరంగా తిరిగే చోట్లు కట్ చేసేద్దాం. ఇకనుంచి కనీసం నలుగురు ఎక్కితేనే స్టాపు."

పరికరం పెట్టె మీదికి వెళ్లిన జ్ఞానప్రకాశం చెయ్యి అక్కడే ఆగింది.

కారణం నర్సింహమ్మ. క్యాంటీన్‌లో చాయ్ పెట్టే మనిషి, యాభై నాలుగేళ్లు. చిట్కుల్ దాటాక కంకర మిల్లుకు పోయే దారిలో పది ఇళ్ల వాడ ఒకటుంది, ఆమె ఇల్లు అక్కడ. నాలుగో రూటు మొదటి స్టాపు ఇస్నాపూర్ చౌరస్తా. కానీ జ్ఞానప్రకాశం పొద్దున ఆరున్నరకు బస్సు తీసి, ఇస్నాపూర్ వైపు కాకుండా దానికి ఎదురు దిక్కున కిలోమీటరున్నర పోయి, నర్సింహమ్మను ఎక్కించుకొని, అంత దూరమూ వెనక్కి వస్తాడు.

ఇది జాలితో మొదలైన పని కాదు, చాయ్‌తో మొదలైంది. ఆరేళ్ల కిందట ఒక వానరోజు ఆమె రోడ్డు దాకా నడవలేక ఇంట్లో ఉండిపోయింది. ఎనిమిదింటికి రావలసిన చాయ్, వేరేవాళ్లు పెట్టేసరికి, తొమ్మిదింబావుకు వచ్చింది. ఆ గంటంబావులో ప్యాకింగ్ సెక్షన్లో రెండు కొట్లాటలయ్యాయి. మర్నాటి నుంచి బస్సు ఆమె గుమ్మం ముందుకు పోవడం మొదలైంది. బస్సులో అందరికీ తెలుసు, అందరికీ సమ్మతమే.

అతను దాచిందీ లేదు. రోజూ ట్రిప్పు షీటులో "నర్సింహమ్మ, ఇంటి దగ్గర" అని రాస్తున్నాడు. ఆరేళ్లుగా ఎవరూ చదవలేదు. చదవకపోవడం వాళ్ల పని, రాయడం తన పని. కానీ ఇప్పుడు తెర మీద ఎర్ర గీత పడుతుంది. గీతను చదవనక్కర్లేదు, చూస్తే చాలు.

మర్నాడు ఆమె బస్సెక్కగానే చెప్పేశాడు.

"నర్సింహమ్మా, ఈ డబ్బ మనం పోయిన తొవ్వంతా గీసి సారుకు చూపిస్తదట. నీ ఇంటిదాక వచ్చేది కూడ."

"చూపియ్యనీ. నా ఇల్లేమన్న దొంగసార బట్టీనా?"

"నలుగురు ఎక్కితెనే స్టాపంట. నువ్వేమో ఒక్కదానివి."

"గీ సంగతి ముందుగాల తెలిస్తే ఇంకో ముగ్గురు ఆడపిల్లల్ని కనమని మా అమ్మకు చెప్పకపోదునా!" అని నవ్వి, మోకాలు పట్టుకొని కూర్చుంది. కాసేపటికి నవ్వు తగ్గింది. "అన్నా, మెయిన్ రోడ్డు దాక నడుసుడు ఈ మోకాలుతోని కాదు. గా కంకర టిప్పర్ల నడుమ అసలే కాదు. రిటైర్మెంటుకు నాలుగేండ్లుంది. బస్సు రాకుంటే ఆ దినమే పని బంద్ పెడ్త. నీ డబ్బను జెర కండ్లు మూసుకోమను."

"కండ్లు మూస్తే దారెట్ల చూపిస్తది?"

"నువ్వు ఇన్నేండ్ల సంది ఆ డబ్బ చూపిస్తెనే నడుపుతున్నవా?"

జ్ఞానప్రకాశం బండి కదిలించాడు. బండి కదిలించడం అబద్ధం కిందికి రాదు.

పరీక్ష మొదలైంది. మొదటి రోజు రుద్రారం దాకా మూడు స్పీడ్ బ్రేకర్ల దగ్గర రబ్బరు గిన్నె మూడుసార్లు ఊడింది. మూడోసారి పరికరం నర్సింహమ్మ ఒళ్లో పడింది. రెండో రోజు ఆమె చిన్న గిన్నెలో గంజి తెచ్చి రబ్బరు అంచుకు రాసింది. "అన్నం వార్చిన గంజి. ఇస్త్రీ బట్టకు నిలబడుతది, దీనికి నిలబడదా?" నిలబడింది. ఫారంలో ఆరో ప్రశ్న, అద్దానికి ఎలా అంటుకుంటోంది అని. "గంజితోని మంచిగ" అని రాశాడు.

గొంతు ఇంకో తంటా. గమ్యం ఫ్యాక్టరీ అని పెట్టి ఇంటి దగ్గర బయల్దేరిన క్షణం నుంచి, బస్సు ఎదురు దిక్కున పోతున్నంత సేపూ అది గోల చేసేది. తాళం వేసుకుంటున్న నర్సింహమ్మకు కిటికీలోంచి వినపడేది.

"వీలైన చోట వెనుదిరగండి."

"ఎవరన్నా ఆమె?"

"డబ్బ."

"నేనింక ఎక్కనే లేదు, అప్పుడే మర్లిపొమ్మంటదేంది? నా ఇల్లంటె దీనికేం నొప్పి?"

"మార్గాన్ని తిరిగి లెక్కిస్తున్నాము."

"లెక్కపెట్టు బిడ్డా, లెక్కపెట్టు" అంటూ ఆమె రెండో తాళం వేసేది.

పద్నాలుగో ప్రశ్న కొంచెం ప్రమాదకరమైంది. ఒక రోజు సొంత పరిజ్ఞానం వాడకుండా పరికరం చెప్పిన దారినే వెళ్లి ఫలితం రాయమని ఉంది. రెండో రోజు సాయంత్రం దిగుతున్న అందరికీ జ్ఞానప్రకాశం చెప్పాడు. "రేపు నా తెలివి వాడ. తొందరున్నోళ్లు ఆర్టీసీల రాండ్రి." అందరూ నవ్వారు. ఈ మనిషి ఎన్నడైనా పరిహాసమాడాడా అని ఒక్కరికీ తట్టలేదు.

మూడో రోజు నర్సింహమ్మ ఎక్కాకనే పరికరం ఆన్ చేశాడు. ఇస్నాపూర్ దాకా, సంగారెడ్డి దాకా అంతా బాగానే ఉంది. సంగారెడ్డి దాటాక అది కుడికి తిరగమంది, తిరిగాడు. ఎడమకు తిరగమంది, తిరిగాడు. రోడ్డు సన్నబడి, మట్టిదై, మూతపడ్డ ఇటుక బట్టీ ప్రహరీ ముందు ఆగిపోయింది. గోడ మీద ఒక మేక నిలబడి ఉంది.

"నేరుగా ముందుకు సాగండి" అంది పరికరం.

ప్యాకింగ్‌లో అందరికన్నా సీనియరు యాదన్న, ముందు వరుసలో కూర్చున్నవాడు, మెడ చాచి చూశాడు. "ఏమంటుందన్నా?"

"ముంగటికి పొమ్మంటుంది."

"పోనియ్యి మరి. తెలివి వాడనంటివి గద."

జ్ఞానప్రకాశం దిగి, బస్సుకూ గోడకూ మధ్య ఎన్ని అడుగులున్నాయో నడిచి కొలిచాడు. పదకొండు. అది ఫారంలో రాసుకొని, అప్పుడు తెలివి వాడి బస్సు వెనక్కి తీశాడు. గంట ఆలస్యం. ఆలస్యమైనవాళ్లలో నర్సింహమ్మ ఉంది కాబట్టి చాయ్ తొమ్మిదింటికి వచ్చింది. ఆ రోజుతో కంపెనీ మొత్తానికీ పరికరం మీద ఒక అభిప్రాయం ఏర్పడింది. శ్రావణ్‌కుమార్ కూడా రెండుసార్లు క్యాంటీన్‌కు ఫోన్ చేశాడని చెప్పుకున్నారు.

నర్సింహమ్మ మాత్రం పండగ చేసుకుంది. "ఇగ పనికిరాదని రాసెయ్యన్నా. ఆగుడెందుకు?"

"ఇంక పన్నెండు దినాలున్నయి. పద్దెనిమిదో ప్రశ్న నుంచి సినిమాలు."

"సినిమా సంగతి నీకేం తెలుసు? నువ్వు చర్చి పాటలు తప్ప వినవైతివి."

"అందుకే చూసెటోళ్లను అడిగి రాయాలె."

చూసేవాడు తనంతట తనే ముందుకొచ్చాడు. మధుబాబు, బాయిలర్ ఆపరేటరు. రోజంతా ఆవిరి మీటర్లు తప్ప మరేమీ చూడని ఉద్యోగం కావడం వల్ల సినిమాల పిచ్చి బాగా ముదిరినవాడు. కెమెరా ఉన్న ఫోన్లను ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు, అందుకని బస్సులో సగం మంది ఫోన్లు ఇంట్లోనే వదిలి వస్తారు. గంట ప్రయాణం కిటికీలోంచి చూస్తూనో తూగుతూనో గడిచిపోతుంది. అలాంటి బస్సులోకి మధుబాబు నాలుగో రోజు మెమరీ కార్డు తెచ్చాడు. నిండా పాత సినిమాలు.

సినిమా నొక్కగానే తెర ఒక ప్రశ్న వేసింది. మీరు డ్రైవరా, ప్రయాణికులా? డ్రైవరంటే బండి కదిలినప్పుడు బొమ్మ ఆగిపోతుంది.

"ప్యాసింజరని నొక్కన్నా."

"నేను డ్రైవర్ని."

"గా డబ్బకేం తెలుసన్నా?"

"నాకు తెలుసు గద."

బస్సు పక్కకు ఆపి, మధుబాబును ముందుకు పిలిచి, అతని వేలితో నొక్కించాడు. తెరను పూర్తిగా వెనక్కి, ప్రయాణికుల వైపు తిప్పించాడు. తనకు గొంతు చాలు, వాళ్లకు బొమ్మ చాలు. అలా పరికరం రెండు ముక్కలైంది. చెవి డ్రైవరుది, కళ్లు బస్సువి.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. పొద్దున గంట, సాయంత్రం గంట, మిగిలిన ముక్క మర్నాటి పొద్దున. ఒక పూట సెలవు పెట్టినవాడికి కథలో ఒక చెల్లెలు గల్లంతయ్యేది. పరికరం గొంతు మాత్రం సినిమాలో ఎవరినీ లెక్కచేసేది కాదు. విలన్ కత్తి ఎత్తాడు. "ముందున్న వేగనిరోధకాన్ని గమనించండి" అంది. తల్లి ఎవరో కొడుక్కి తెలిసే ఘడియలో "కుడివైపునకు తిరగండి" అంది. ఇరవై రెండు మందీ కుడివైపుకు చూశారు. రెండు రోజుల్లో జనం హీరో మాటల కన్నా ఆ మాటల కోసమే కాచుకోవడం మొదలుపెట్టారు.

చిక్కల్లా తెర సైజుతో వచ్చింది. ఏడంగుళాల బొమ్మ మూడో వరుస దాటితే తపాలా బిళ్లంత. ఎడమవైపు ముందు వరుసలు ఆడవాళ్లవి. వాటి జోలికి ఎవరూ పోరు. మిగిలినవి కుడివైపు నాలుగు సీట్లు, వాటి మీద ఆశ పెట్టుకున్న మగవాళ్లు పదహారు మంది.

నాలుగో రూటులో సీటు పట్టే పద్ధతి ఒకటుంది. ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి అన్నం సంచి లోపలికి విసురుతారు. సంచి పడిన సీటు సంచి యజమానిది. ఒక్క సీటు మాత్రం ఈ చట్టానికి బయట ఉంది. కుడివైపు మొదటి వరుస, కిటికీ పక్కది, యాదన్నది. పద్నాలుగేళ్లుగా దాని మీద ఎవరి సంచీ పడలేదు. ఐదో రోజు మధుబాబు సంచి పడింది.

"ఏంరా, గది ఎవరి సీటు?"

"కంపెనీది, యాదన్నా."

"పద్నాలుగేండ్ల సంది నేను కూసుంటున్న!"

"అందుకే అంటున్న. ఇయ్యాల జెర నిలబడు, నడుము సాఫైతది."

యాదన్న వెనక వరుసలో కూర్చొని, వినపడే డైలాగులను బట్టి కథ ఊహించుకుంటూ ఫ్యాక్టరీ చేరాడు.

ఆరో రోజు పొద్దున నర్సింహమ్మ తలుపు తీసేసరికి అరుగు మీద యాదన్న కూర్చొని ఉన్నాడు.

"పొద్దుగాలనే ఎవలి చావు కబురు తెచ్చినవు యాదన్నా?"

"చావు లేదు, కబురు లేదు. బస్సెక్కనీకి వచ్చిన."

ఇస్నాపూర్ కన్నా ముందు ఎక్కితే సంచి విసరాల్సిన పని లేదు. పద్నాలుగేళ్ల హక్కు కోసం ఆ మనిషి చిట్కుల్ నుంచి పొలాల గట్ల మీద అడ్డంగా అరగంట నడిచి వచ్చాడు. ఇస్నాపూర్‌లో బస్సు ఆగినప్పుడు తన సీట్లో కూర్చొని, కిటికీలోంచి మధుబాబును చూసి దండం పెట్టాడు.

ఏడో రోజు మధుబాబు బైకు మీద వచ్చి నర్సింహమ్మ పెరట్లో బండి పెట్టాడు. ఎనిమిదో రోజు ఇంకో ఇద్దరు. తొమ్మిదో రోజుకు అరుగు మీద ఐదుగురు మగవాళ్లు, చలికి చేతులు కట్టుకొని.

"ఊకెనే కూసునుడేంది? గా బిందెలు లోపల పెట్టురి" అని నర్సింహమ్మ వాళ్లను పనిలో పెట్టింది. ఒకరు నీళ్లు పట్టారు, ఒకరు దడి కట్టారు. మధుబాబు మూడేళ్లుగా వంకర పడి ఉన్న దర్వాజా గొళ్లెం సరిచేశాడు. ఆ రోజు బస్సెక్కి కూర్చొని, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆమె ఒక్కసారి ఆగింది.

"అన్నా! నాతోని ఆరుగురు!"

"అవును. షీట్ల రాస్తనే ఉన్న."

"నలుగురు దాటినట్టే గద! ఇగ నా స్టాపు ఎవడు తీస్తడు?" అంది. మరుక్షణమే విషయం పూర్తిగా అర్థమైంది. వీళ్లు వస్తున్నది తన కోసం కాదు, తెర కోసం. తెర పోతే వీళ్లు పోతారు. వీళ్లు పోతే స్టాపు పోతుంది. తెర ఉంటుందో పోతుందో తేల్చే కాగితం ఈ అబద్ధమాడని మనిషి జేబులో ఉంది. దాంట్లో గోడ సంగతి, పదకొండు అడుగులతో సహా, రాసి ఉంది.

ఆ రోజు నుంచి ఆమె పరికరం వకీలుగా మారింది.

"గోడ డబ్బ కట్టిందా అన్నా?"

"తొవ్వ తప్పు చెప్పింది."

"మనుషులు చెప్పరా? మా మరిది ఇరవై ఏండ్ల సంది తప్పుడు తొవ్వలే చెప్తడు. వానికి పెండ్లి చెయ్యలేదా?"

"నర్సింహమ్మా, ఉన్నది రాయాలె."

"రాయి. నువ్వు రాసేదాని మీద నా మోకాలున్నదని మాత్రం యాదిపెట్టుకో."

పదిహేను డ్యూటీలూ ముగిశాక ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక జ్ఞానప్రకాశం ఇంట్లో కూర్చొని ఫారం ముగించబోయాడు. ఇరవై ఒక్క ప్రశ్నలు దాటాయి. ఇరవై రెండోది, దీన్ని కొనవచ్చునా? అవును, కాదు అని పక్కపక్కన రెండు గళ్లు.

అన్నం తినడానికి గ్లోరియా మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి వచ్చి చూసింది. "గంట సంది గా రెండు గళ్లనే చూస్తున్నవేంది? రెండిట్ల ఏది నిజమైతే దాంట్ల గీత పెట్టు."

"రెండూ నిజమే."

"అయితే రెండిట్ల పెట్టు. అన్నం సల్లారుతుంది."

అతను రెండు గళ్లలోనూ గీత పెట్టి, కింద చోటు చాలక వెనక పేజీలో వివరణ రాశాడు.

సోమవారం మధ్యాహ్నం శ్రావణ్‌కుమార్ ఆ ఫారాన్ని చదివాడు. పదో ప్రశ్న, ఎండలో తెర కనిపిస్తోందా? "తెలవదు. తెర నా దిక్కు లేదు." పన్నెండో ప్రశ్న, గొంతు స్పష్టత? "మంచిగున్నది. నర్సింహమ్మతోని కొట్లాడేటంత." పంతొమ్మిదో ప్రశ్న, సినిమా శబ్దం? "ఏడుపులు వినొస్తయి. నవ్వులు ఇంజన్ల కలుస్తయి." చివరి పేజీలో ఇలా ఉంది. "దారి కోసమైతే వద్దు. కొత్త డ్రైవరు దీన్ని నమ్మితే గోడకు కొడతడు. బస్సు కోసమైతే ఉంచాలె. ఇది వచ్చినంక మనుషులు బస్సు కన్న ముందు వచ్చి నిలబడుతున్నరు. ఇరవై రెండేండ్లల నేను ఇది చూడలేదు."

ఆఫీసరు కంప్యూటర్లో దారి తెరిచాడు. చిట్కుల్ దగ్గర ఎర్ర గీతకు ఒక తోక ఉంది. రోజూ అదే చోట, పదిహేను పొరలు పడి లావెక్కిన తోక.

"ఇదేంటి?"

"నర్సింహమ్మ ఇల్లు సార్. క్యాంటీన్ల చాయ్ పెడ్తది."

"ఎప్పటినుంచి వెళ్తున్నారు?"

"ఆరేండ్ల సంది. రోజూ షీట్ల రాస్తున్న."

శ్రావణ్‌కుమార్ ట్రిప్పు షీట్ల ఫైలు తెప్పించి తిరగేశాడు. ప్రతి కాగితం మీదా ఉంది. "ఇన్నాళ్లూ ఇది ఎవరూ చూడలేదా?"

"సంతకాలైతే ఉన్నయి సార్. నిరుటి సందైతే మీవే."

ఆఫీసరు ఫైలు మూసి, మళ్లీ కంప్యూటరు వైపు తిరిగాడు. "నలుగురు లేని చోట..."

"ఆరుగురున్నరు సార్, తొమ్మిదో దినం నుంచి. ఇస్నాపూర్‌ల కూడ ఆరుగురు మిగిలిండ్రు."

శ్రావణ్‌కుమార్‌కు ఇక్కడితో వదిలేసే వీలుంది. కానీ ఎదురుగా ఉన్నది ఎలాంటి మనిషో తెలుసు కాబట్టి అడిగాడు. "పరికరం తీసేస్తే ఆ ఐదుగురూ అక్కడికే వస్తారా?"

జ్ఞానప్రకాశం చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "రారు సార్. మర్నాడే ఇస్నాపూర్ పోతరు."

"మరి నర్సింహమ్మ?"

"ఆమె అంత దూరం నడవలేదు. పని బంద్ పెడ్తది."

"బంద్ పెడితే?"

"చాయ్ పెట్టెటోళ్లు కొత్తగ దొరికే దాక, మూడో దినం లెక్కనే సార్."

మూడో రోజు తొమ్మిది దాకా తాను ఎలా గడిపాడో శ్రావణ్‌కుమార్‌కు గుర్తుంది. పది నిమిషాలు ఆలోచించి, ఆఫీసరు కాగితం మీద తీర్పు రాశాడు. తొమ్మిది బస్సులకు పరికరం అక్కర్లేదు. నాలుగో రూటులో ఉన్న ఒక్కటి ఉంచాలి, దారి చెప్పే గొంతు మాత్రం ఆపేయాలి. కంకర మిల్లు దారి మొదటి స్టాపు, అన్ని స్టాపుల్లాగే నిబంధనలతో.

గొంతు సంగతిలో మాత్రం తీర్పు నిలబడలేదు. ఒక్క పూట గొంతు లేకుండా సినిమా వేశారు. చప్పగా ఉందని బస్సంతా గోల చేసింది. యాదన్న పేరుతో అర్జీ వెళ్లింది, పన్నెండు సంతకాలతో. గొంతు తిరిగి వచ్చింది.

స్టాపుల కొత్త పట్టిక అచ్చయి వచ్చిన రోజు నర్సింహమ్మ దాన్ని చదివించుకొని మురిసిపోయింది. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది ఎవరూ చదివి వినిపించలేదు. ప్రతి స్టాపులోనూ బస్సు ఒక నిమిషం ఆగును.

ఆరేళ్లుగా ఆ బస్సు ఆమె కోసం ఆగిన తీరు వేరు. ఆమె జడ వేసుకునేది, రెండు తాళాలు వేసేది, కోళ్లను లెక్కపెట్టేది. జ్ఞానప్రకాశం ఇంజను ఆపి కూర్చునేవాడు. ఎందుకంటే అది స్టాపు కాదు, స్టాపుకు ఉండే నియమాలు దానికి లేవు. ఇప్పుడు ఉన్నాయి.

మొదటి రోజు బస్సు వచ్చి నిలిచింది. అరుగు మీది ఐదుగురూ ఎక్కి సర్దుకున్నారు. నర్సింహమ్మ ఇంకా లోపలే ఉంది. జ్ఞానప్రకాశం గడియారం చూశాడు.

"ఏం చూస్తున్నవన్నా, పోనియ్యి! నిన్నటి సినిమాల వాడు బావిల పడి ఉన్నడు" అన్నాడు మధుబాబు. ఆమె గొళ్లెం బాగుచేసినవాడే.

"ఇరవై సెకండ్లున్నయి."

నిమిషమైంది. జ్ఞానప్రకాశం గేరు వేశాడు. బస్సు కదిలింది. నిమిషం తరువాత బయల్దేరాలని పట్టికలో ఉంది, ఎంత వేగంగా అన్నది లేదు. బస్సు ఎడ్లబండి నడకన మలుపు దాకా పోసాగింది.

వెనక నుంచి కేక వినిపించింది. "ఓ ప్రకాశమన్నా! ఆగు! నీ నియమం పాడుగాను! నా పేరు మీద స్టాపు పెట్టి నన్నే ఇడిసిపెట్టి పోతున్నవా?" నర్సింహమ్మ ఒక చేతిలో సంచి, ఒక చేతిలో చెప్పు పట్టుకొని కుంటుతూ వచ్చి, కదులుతున్న బస్సు తలుపు పట్టుకుంది. యాదన్న చెయ్యి అందించి పైకి లాగాడు. అప్పుడు బస్సు ఆగింది. ఆమె మెట్లెక్కి చూస్తే, మగవాళ్లెవరూ జోలికి పోని ఆడవాళ్ల వరుసలో, ఎప్పుడూ తాను కూర్చునే ముందు సీటులోనే మధుబాబు సంచి ఉంది.

"ఏంరా, నా ఇంటి ముంగట నాకే సీటు లేదారా?"

"నిమిషం లేటొచ్చినవ్ పెద్దమ్మా. ఇది స్టాపు."

ఆమె సంచి తీసి అతని ఒళ్లోకి విసిరింది. కానీ అక్కడ కూర్చోలేదు. అప్పటికే మధుబాబు వేలు తెర మీద ఉంది, బావిలోంచి అరుపులు మొదలయ్యాయి. ఈ అరుపుల పక్కన గంట సేపు కూర్చోవడం ఆమెకు నచ్చలేదు. సీట్లు పట్టుకుంటూ చివరి దాకా నడిచింది. వెనక వరుస మొత్తం ఖాళీ, ఐదు సీట్లు ఒకటే పరుపు. నొప్పి కాలు దాని మీద పొడవుగా చాపి చూసింది. ఆరేళ్లలో ఈ బస్సులో ఆ మోకాలు తిన్నగా ఉండటం అదే మొదటిసారి.

ఇస్నాపూర్ చౌరస్తాలో కిటికీల్లోంచి సంచులు పడ్డాయి. వెనక వరుసకు ఒక్కటీ రాలేదు. రుద్రారం దగ్గర ఎవరో చనిపోయారు, ఎవరో కుడివైపునకు తిరగమన్నారు, బస్సంతా గొల్లుమంది. నర్సింహమ్మ అప్పటికే కొంగు మొహం మీద కప్పుకొని నిద్రపోతోంది.